ఊహ చేసిన పదం మంత్రమవుతుందా?

ఒక గ్రంథభాగంలో కొన్ని పదాలను మాత్రమే మార్చి, మిగిలిన పదాలనూ వాటి అమరికనూ యథాతథంగా ఉంచినప్పుడు, చదువరి చేతికి వచ్చేది పాత గ్రంథమేనా, లేక దానిని పోలిన మరొక గ్రంథమా అన్న ప్రశ్న భారతీయ తత్త్వచింతనలో చాలా ప్రాచీనమైనది. యజ్ఞంలో మంత్రాన్ని సందర్భానుసారంగా సవరించి పలకవలసి వచ్చినప్పుడు, వేదవాక్యాల అర్థాన్ని విచారించే మీమాంసకులు ఈ ప్రశ్నను ఎదుర్కొన్నారు, దానికి సూత్రగ్రంథంలో ఒక అధ్యాయాన్నే కేటాయించారు. ఇప్పుడు అదే ప్రశ్న కంప్యూటరు తెర వెనుక, ఎవరూ ప్రశ్నగా గుర్తించని రూపంలో, అనుక్షణం తలెత్తుతున్నది. వెబ్ పేజీలను భద్రపరచి, అడిగినవారికి పంపే యంత్రాన్ని సర్వర్ అంటారు. ఆ సర్వర్‌లో నడిచే ప్రోగ్రాము పేజీని పంపే క్షణంలో కొన్ని పదాలను తీసి వేరే పదాలను పెడుతుంది, ఖాళీలలో పేర్లు పూరిస్తుంది, తేదీలు సరిచేస్తుంది, కొన్ని మాటలకు లంకెలు తగిలిస్తుంది. చదువరి చూసేది ఆ సవరణలన్నీ జరిగిన తరువాతి పాఠాన్నే గనుక, ఏ మాట మొదటినుంచీ ఉన్నదో, ఏ మాట దారిలో చేరిందో అతనికి తెలిసే అవకాశం లేదు. పాఠాన్ని మార్చే అధికారం ఎవరికి, ఎంతవరకు ఉంటుందన్న విషయంలో మీమాంసకులు చేసిన విచారణ, యజ్ఞశాల నుంచి ఎంతో దూరంలో ఉన్న ఈ కొత్త వ్యవహారానికి ఆశ్చర్యకరమైన సూటిదనంతో వర్తిస్తుంది.

ముందుగా ఆ వ్యవహారం స్వరూపాన్ని చూడాలి. హెచ్‌టీఎంఎల్ అనేది సెర్న్ పరిశోధనసంస్థలో పనిచేస్తున్న టిమ్ బెర్నర్స్-లీ 1990 ప్రాంతంలో రూపొందించిన గుర్తుల భాష. ఇందులో చదవవలసిన మాటల మధ్య ట్యాగులనే గుర్తులు ఉంటాయి. ఇది శీర్షిక, ఇది పేరా, ఇది లంకె, ఇది పట్టికలోని గడి అని అవి బ్రౌజరుకు చెబుతాయి. ట్యాగులోపల మళ్లీ ఆ లంకె ఎక్కడికి పోతుందో, ఆ బొమ్మ ఏ ఫైలులో ఉన్నదో తెలిపే విశేషణాలు ఉంటాయి. పూర్తి పేజీ కాకుండా అందులో నుంచి విడదీసిన ఒక ముక్కను, ఉదాహరణకు ఒకటి రెండు పేరాలనో పట్టికలోని ఒక వరుసనో, హెచ్‌టీఎంఎల్ శకలం అనవచ్చు. పైకి చూస్తే ఈ శకలం ఒక అక్షరాల వరుసే. బ్రౌజరు మాత్రం దానిని కొమ్మలూ ఉపకొమ్మలూ గల వృక్షంగా గ్రహిస్తుంది. చదవవలసిన మాటలు ఆ వృక్షంలో పాఠ్యకణుపులుగా, ట్యాగులు వాటిని మోసే కొమ్మలుగా ఉంటాయి. శకలాన్ని వరుసగా చూసి అక్షరాలను వెతికి మార్చడం ఒక పద్ధతి. దానిని వృక్షంగా విప్పి, పాఠ్యకణుపులను మాత్రమే సందర్శించి, ప్రతి కణుపూ ఎవరి కింద ఉన్నదో చూసుకొని మార్చడం రెండో పద్ధతి. ఈ రెండింటి మధ్య ఉన్న భేదం కేవలం సాంకేతికమైనది కాదు. పాఠం అంటే ఏమిటన్న విషయంలో రెండు వేర్వేరు సిద్ధాంతాలు వాటి వెనుక ఉన్నాయి.

ఒక తెలుగు పదాన్ని తీసుకుంటే ఇది స్పష్టపడుతుంది. ‘శివ’ అన్న పదం కంప్యూటరులో శకారం, గుడి గుర్తు, వకారం అనే మూడు సంకేతాలుగా, యూటీఎఫ్-8 పద్ధతిలో తొమ్మిది బైట్లుగా నిలుస్తుంది. ఒక పేజీలో ‘శివ’ ఉన్నచోటల్లా ‘విష్ణు’ అని మార్చమని ప్రోగ్రాముకు చెబితే, అది ఆ మూడు సంకేతాల వరుస కనిపించిన ప్రతిచోటా మార్చివేస్తుంది. అమంగళం అనే అర్థమిచ్చే ‘అశివ’లో కూడా ఆ వరుస ఉన్నది గనుక అదీ మారిపోతుంది. ‘శివాలయం’లో వకారం మీది దీర్ఘపు గుర్తు వేరే సంకేతం కావడం వల్ల వెనక మిగిలిపోయి, ‘విష్ణు’లోని కొమ్ము మీద వచ్చిపడి, ఒకే హల్లుకు రెండు గుణింతపు గుర్తులు తగిలిన, ఎవరూ పలకలేని ఆకారం ఏర్పడుతుంది, అక్కడ రావలసిన ‘విష్ణ్వాలయం’ యణాదేశసంధి తెలిసినవాడికే సాధ్యం. పదం ఎక్కడ ముగుస్తుందో చూసి మార్చమని చెప్పినా ప్రయోజనం తక్కువ. పైథాన్ భాషలో పదాల హద్దులను గుర్తించే సాధారణ విధానం గుణింతపు గుర్తులను పదంలో భాగంగా లెక్కించదు గనుక, తెలుగు పదం నడుమనే హద్దు ఉన్నదని భ్రమపడుతుంది. ఇక బొమ్మ ఫైలు పేరులోనో లంకె చిరునామాలోనో ఆ అక్షరాలు ఉంటే, బొమ్మ కనిపించదు, లంకె తెగిపోతుంది. అక్షరాలు ఒకటే అయినా అవి చేసే పని ఒక్కొక్కచోట ఒక్కొక్కటి అన్న సంగతిని అక్షరాల వరుస తనంతట తాను చెప్పలేదు.

మీమాంసలో ఈ విచారణకు ‘ఊహ’ అని పేరు. వాడుక తెలుగులో ఊహ అంటే మనసుకు తోచిన కల్పన. శాస్త్రంలో మాత్రం అది, ఒక కర్మకు చెప్పిన మంత్రాన్ని మరొక కర్మలో వాడేటప్పుడు దానిలో చేయవలసిన సవరణకు పారిభాషికమైన పేరు. మీమాంసకు మూలగ్రంథమైన జైమిని సూత్రాల పన్నెండు అధ్యాయాలలో మొదటి ఆరూ వేదం నేరుగా ఉపదేశించిన విషయాలను విచారిస్తాయి. తరువాతి ఆరింటి విషయం అతిదేశం, అంటే ఒకచోట చెప్పిన అంగాలను, కర్మకు తోడ్పడే అంశాలను, మరొకచోటికి తీసుకుపోవడం. అంగాలన్నీ సంపూర్ణంగా చెప్పిన కర్మను ప్రకృతి అనీ, తన ప్రత్యేకాంశాలను మాత్రమే చెప్పి మిగిలినవాటిని ప్రకృతి నుంచి తెచ్చుకొనే కర్మను వికృతి అనీ అంటారు. ఈ విభాగంలో ఏడు, ఎనిమిది అధ్యాయాలు అతిదేశ స్వరూపాన్ని నిర్ణయిస్తే, తొమ్మిదోది ఊహకు, పదోది ఊహకు తోబుట్టువైన బాధకు, అంటే తెచ్చుకొన్న అంగం అక్కడ పనికిరాక తొలగిపోవడానికి, కేటాయించినవి.

దీనికి శాస్త్రంలో ప్రసిద్ధమైన ఉదాహరణ సౌర్యచరువు. దర్శపూర్ణమాసలనే ప్రకృతిలో ఎనిమిది కపాలాల మీద, అంటే మట్టిపెంకుల మీద, కాల్చిన పురోడాశం, అంటే పిండిరొట్టె, అగ్నిదేవతకు సమర్పించేది. బ్రహ్మవర్చసం కోరేవాడు సూర్యునికి సమర్పించే చరువు, అంటే వండిన ధాన్యం, దానికి వికృతి. పురోడాశానికి కావలసిన ధాన్యాన్ని విడిగా తీసిపెట్టేటప్పుడు, దానికి నిర్వాపమని పేరు, చదివే మంత్రంలో సవితృదేవత ప్రేరణ, అశ్వినుల బాహువులు, పూషుని చేతులు ప్రస్తావనకు వచ్చి, చివర ‘అగ్నయే’ అన్న పదం, అగ్నికోసం అన్న అర్థంలో, వస్తుంది. ఈ మంత్రం సౌర్యచరువులోకి వచ్చినప్పుడు ‘అగ్నయే’ తొలగి ‘సూర్యాయ’ రావాలని సిద్ధాంతం. అయితే అదే మంత్రంలో ఉన్న సవితృ, అశ్వి, పూష పదాలు కూడా దేవతల పేర్లే కదా, వాటిని కూడా మార్చాలా అంటే, అక్కరలేదని సమాధానం. అగ్ని ఆ ప్రకృతిలో హవిస్సును అందుకొనే దేవత కనుక ఆ పదం కర్మలో సాక్షాత్తుగా ఉన్న అర్థాన్ని తెలుపుతున్నది. దీనిని సమవేతార్థం అంటారు. సవితృ మొదలైనవారు ఆ హవిస్సును అందుకొనేవారు కారు, నిర్వాపాన్ని ప్రశంసించడానికి వచ్చినవారు. దేవత మారినంత మాత్రాన ఆ ప్రశంసకు లోటు రాదు. ఒకే వాక్యంలో, ఒకే జాతికి చెందిన నాలుగు పేర్లలో, మారేది ఒకటి, మారనివి మూడు. అక్షరాలనో పదజాతినో చూసి ఈ తీర్పు చెప్పడం సాధ్యం కాదు. ప్రతి పదమూ ఆ వాక్యంలో ఏ పనికి వచ్చిందో చూసినవాడే చెప్పగలడు.

తెలుగునేల చరిత్ర నుంచే దీనికి సరిపోలే సన్నివేశం చూపవచ్చు. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత, అంతకుముందు తయారైన లెక్కలేనన్ని పేజీలలో ‘హైదరాబాద్, ఆంధ్రప్రదేశ్’ అన్న మాటలు ఉన్నాయి. ఒక కార్యాలయం చిరునామాలో ఆ మాటలు ఉంటే, ఉత్తరం ఎక్కడికి చేరాలన్న అర్థం అక్కడ సాక్షాత్తుగా ఉన్నది గనుక, రాష్ట్రం పేరు మారవలసిందే. 1956లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్‌కు హైదరాబాద్ రాజధాని అయిందని చెప్పే చరిత్రవాక్యంలో అవే రెండు పేర్లు మారకూడదు. మారిస్తే ఆ వాక్యం అబద్ధమవుతుంది. 2015లో రాజమండ్రికి రాజమహేంద్రవరం అన్న పేరు అధికారికమైన తరువాత, ఊరి పేరు వచ్చిన ప్రతిచోటా మార్చే ప్రోగ్రాము పాత పుస్తకాల శీర్షికలను కూడా మార్చివేస్తే, ఆ పుస్తకాలను వెతికేవారికి అవి ఇక దొరకవు. చిరునామా ఏ ట్యాగు కింద ఉన్నదో, ఉటంకింపు ఏ ట్యాగు కింద ఉన్నదో పేజీ రాసినవాడు సరిగా గుర్తించి ఉంటే, వృక్షాన్ని విప్పి చూసే ప్రోగ్రాముకు ఈ వివేకం కొంతవరకైనా అందుతుంది. అక్షరాల వరుసను మాత్రమే చూసే ప్రోగ్రాముకు ఎప్పటికీ అందదు.

ఇక్కడ మీమాంసలోని మరొక పాత వివాదం గుర్తుకు రావలసి ఉన్నది. యాస్కుని నిరుక్తంలో కౌత్సుడనే ఆచార్యుని మతం ఒకటి ప్రస్తావనకు వస్తుంది: మంత్రాలకు అర్థం లేదని, నియతమైన క్రమంలో నియతమైన శబ్దాలను పలకడమే వాటి ప్రయోజనమని. యాస్కుడు దీనిని ఖండించాడు. జైమిని కూడా మొదటి అధ్యాయం రెండో పాదంలో ఇదే పూర్వపక్షాన్ని, అంటే ఖండించవలసిన ఎదుటివాదాన్ని, తీసుకొని, మంత్రాలు అర్థవంతమైనవనడానికి చూపిన హేతువులలో ఊహను ఒకటిగా చేర్చాడు. మంత్రం అర్థరహితమైన శబ్దరాశి అయితే, దేవత మారినప్పుడు పదం మార్చవలసిన అవసరమే పుట్టదు. మార్చాలని సంప్రదాయం ఒప్పుకొంటున్నదంటే, మంత్రం తన అర్థం ద్వారానే కర్మకు ఉపకరిస్తున్నదని ఒప్పుకొన్నట్లే. ఈ తర్కంలో లోతు చాలా ఉన్నది. మార్పును అర్థం మాత్రమే అనుమతిస్తుంది; అర్థాన్ని కాదన్నవాడికి మార్చే హేతువే మిగలదు. సర్వర్‌లో అక్షరాల వరుసను గుడ్డిగా మార్చే ప్రోగ్రాము తెలియకుండానే కౌత్సుని మతాన్ని అవలంబిస్తూ, దానికి విరుద్ధమైన పని చేస్తున్నది: పాఠాన్ని అర్థంలేని గుర్తుల వరుసగా చూస్తూనే, అర్థం కోసం దానిని మారుస్తున్నది. ఈ అంతర్విరోధమే పైన చెప్పిన వికారాలన్నింటికీ మూలం.

అర్థం గ్రహించినంత మాత్రాన సరిపోదు. మార్చిన పదాన్ని వాక్యంలో ఇమిడ్చే శక్తి కూడా ఉండాలి. పతంజలి మహాభాష్యం మొదటి ఆహ్నికంలో వ్యాకరణం ఎందుకు చదవాలన్నదానికి రక్ష, ఊహ, ఆగమం, లఘువు, అసందేహం అనే ఐదు ప్రయోజనాలు చెప్పి, అందులో ఊహను రెండోదిగా నిలిపాడు. వేదంలో మంత్రాలు అన్ని లింగాలలో, అన్ని విభక్తులలో చదవబడి లేవు గనుక, యజ్ఞం చేయించేవాడు వాటిని తగినట్లుగా మార్చుకోవాలనీ, వ్యాకరణం రానివాడికి అది సాధ్యం కాదనీ ఆయన అభిప్రాయం. పదానికి బదులు పదం పెట్టడం కాకుండా, విభక్తి, లింగం, వచనం సరిపోయేలా పెట్టడం ఊహ. తెలుగులో ఈ నియమం మరింత కఠినం. కర్త మారితే క్రియ మారుతుంది. ‘ఆయన వచ్చారు’, ‘అతడు వచ్చాడు’, ‘ఆమె వచ్చింది’ అన్న మూడింటిలో సర్వనామాన్ని మార్చి క్రియను వదిలేస్తే వాక్యం కుంటుపడటమే కాదు, గౌరవం కూడా తారుమారవుతుంది. ఇంగ్లీషు వాక్యాల కోసం రూపొందిన పూరణపద్ధతులను తెలుగులోకి తెచ్చినప్పుడు, పేరుకూ విభక్తికీ మధ్య విడిగా మిగిలిన ఖాళీలు, ‘రాము కు’, ‘లక్ష్మి యొక్క’ వంటి అతుకులు ఇందుకే పుడుతున్నాయి.

ఇంతవరకు చెప్పింది ఊహలో ఒక పార్శ్వం మాత్రమే. రెండో పార్శ్వం దానికంటె గంభీరమైనది. వేదాన్ని పదంగా, క్రమంగా, జటగా, ఘనంగా తిప్పితిప్పి వల్లించి, స్వరం కూడా తప్పకుండా కాపాడుకొంటూ వచ్చిన సంప్రదాయమే, యజ్ఞవేళ అందులోని పదాన్ని మార్చమని ఎలా చెప్పగలిగింది? మార్చిన తరువాత ఆ పదం మంత్రమేనా? దీనికి మీమాంసకుల సమాధానం నిర్మొహమాటమైనది: కాదు. జైమిని రెండో అధ్యాయంలో, ఆమ్నాయంలో లేనివాటికి, అంటే గురుశిష్య పరంపరగా చదువుతూ వచ్చిన పాఠంలో లేనివాటికి, మంత్రత్వం లేదని తేల్చాడు. తెలుగు వైదికులలో అధికసంఖ్యాకులు అనుసరించే ఆపస్తంబసూత్రం కూడా తన పరిభాషాభాగంలో ఇదే మాట చెబుతూ, ఊహ చేసిన పదం, ప్రవరలో చెప్పే ఋషుల పేర్లు, యజమాని నామధేయం అనే మూడింటిని ఉదాహరణగా చూపింది. ‘సూర్యాయ’ అని పలకడం ఆ కర్మలో తప్పనిసరి. పలకకపోతే కర్మ చెడుతుంది. అయినా ఆ పదం మంత్రం కాదు. తప్పనిసరి కావడం వేరు, మూలం కావడం వేరు అన్న ఈ వివేకం మరే గ్రంథసంప్రదాయంలోనైనా ఇంత స్పష్టంగా కనిపిస్తుందా అన్నది సందేహమే.

సామవేదంలో ఈ వివేకం గ్రంథాల అమరికలోకే ప్రవేశించింది. ఒక్కొక్క సామానికి అది పుట్టిన ఋక్కును యోని అంటారు. ఆ గానాన్ని ఇతర ఋక్కుల మీద పాడేటప్పుడు అక్షరాలను సాగదీయడం, విరవడం, మార్చడం అవసరమవుతుంది. యోనిగానాలు ఒక సంపుటిగా, అలా ఇతర ఋక్కులకు అన్వయించిన గానాలు ఊహగానమనే వేరొక సంపుటిగా ఉన్నాయి. ఈ ఊహగ్రంథం కూడా వేదంలాగే అపౌరుషేయమా, అంటే కర్త లేనిదా, అన్న ప్రశ్నను తొమ్మిదో అధ్యాయం రెండో పాదంలో లేవనెత్తి, కాదు, అది మనుషులు శాస్త్రన్యాయం ప్రకారం కూర్చినదేనని మీమాంసకులు నిర్ణయించారు. ఎంత పవిత్రంగా వాడుతున్నా, ఎంత కాలంనుంచి వాడుతున్నా, కూర్పు మనుషులది అయినప్పుడు ఆ మాట ఒప్పుకోవాలన్నది వారి నిష్ఠ.

ఈ భేదాన్ని అధ్యయనం, ప్రయోగం అన్న రెండు మాటలలో పట్టవచ్చు. అధ్యయనంలో పాఠం ఎన్నడూ మారదు. సూర్యునికి చరువు సమర్పించి ఇంటికి వచ్చిన వైదికుడు మరునాడు శిష్యునికి ‘అగ్నయే’ అనే చెబుతాడు. మార్పు ప్రయోగంలోనే పుట్టి, ప్రయోగంతోనే ముగుస్తుంది. సర్వర్‌లో కూడా సరిగ్గా ఇటువంటి రెండు స్థానాలు ఉన్నాయి: పాఠాన్ని భద్రపరచిన భాండాగారం ఒకటి, దాని నుంచి తీసి పంపే పేజీ ఒకటి. పంపే పేజీలో మార్పు చేసే ప్రోగ్రాము, రేపు ఆ మార్పు అవసరం లేదని తేలినా, తప్పని తేలినా, మూలానికి ఏ హానీ కలగనివ్వదు. మార్చినదానిని తిరిగి భాండాగారంలోకే రాసే ప్రోగ్రాము మాత్రం ప్రయోగాన్ని ఆమ్నాయంలో కలిపివేస్తుంది. ఒకటి రెండు తరాల సవరణలు అలా కలిసిపోయిన తరువాత, ఏది మొదటి మాటో చెప్పగలవారు ఉండరు. తెలుగు సాహిత్యం ఈ నష్టాన్ని కంప్యూటరు రాకముందే చవిచూసింది. ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1829లో ఇంగ్లీషు అనువాదంతో సహా అచ్చువేయించిన వేమన పద్యాల విషయంలో, ఏవి వేమనవి, ఏవి ఆ మకుటంతో ఇతరులు చెప్పి చేర్చినవి అన్న చర్చ నేటికీ ముగియలేదు. నాలుగో పాదంగా ఒక స్థిరమైన మకుటం, దాని ముందు ఎవరైనా పూరించగల మూడు పాదాలు ఉన్న రచనలో, పూరించినవన్నీ ఒకే రాశిలో చేరిపోవడమే ఆ చిక్కుకు కారణం.

ఈ పోలికకు ఒక ఆక్షేపం రాక తప్పదు. వేదం మీమాంసకుల దృష్టిలో అపౌరుషేయం, దానికి కర్త లేడు. వెబ్ పేజీ మనిషి రాసినది. కర్త లేని పాఠానికి చెప్పిన నియమాన్ని కర్త ఉన్న పాఠానికి వర్తింపజేయవచ్చునా? ఆక్షేపం బలమైనదే, కానీ అది నియమాన్ని సడలించడానికి బదులు బిగిస్తుంది. వేదవాక్యాన్ని మార్చినప్పుడు ఎవరి నోటిలోనూ వారు అనని మాట పెట్టినట్లు కాదు, ఎందుకంటే అక్కడ వక్త లేడు. మనిషి రాసిన వ్యాసంలోని పదాన్ని సర్వర్ మార్చి, అతని పేరుతోనే పంపినప్పుడు, అతను అనని మాట అతని నోట పలికించినట్లవుతుంది. అభ్యంతరకరమని తోచిన పదాలను చుక్కలుగా మార్చే వడపోతలు, వ్యాపారనామాలను తెచ్చి అతికించే ప్రోగ్రాములు ఈ కోవకు చెందినవి. మీమాంసలో ఊహకు అర్థసంగతి ఉంటే చాలు. మనుషుల పాఠంలో అర్థసంగతితో పాటు కర్త సమ్మతి కూడా కావాలి, అది లేనప్పుడు మార్పు జరిగిందన్న సూచన అయినా పేజీలో ఉండాలి. ఊహ చేసినది మంత్రం కాదని చెప్పే ధైర్యం వేదవాదులకే ఉన్నప్పుడు, మార్చిన మాట రచయితది కాదని చెప్పడానికి సర్వర్ నడిపేవారికి సంకోచం ఎందుకో అర్థం కాదు.

పేర్ల విషయం ప్రత్యేకంగా చెప్పుకోవలసినది. నామధేయాన్ని ఆపస్తంబుడు అమంత్రాలలో చేర్చడానికి కారణం సులభంగానే ఊహించవచ్చు: ప్రతి యజమానికీ పేరు వేరు కనుక అది పాఠంలో ముందే ఉండటం సాధ్యం కాదు. తెలుగువారి సంకల్పం ఇటువంటి ఖాళీల సమాహారం. కల్పం, మన్వంతరం, యుగం అందరికీ ఒకటే. శ్రీశైలానికి ఏ దిక్కున, ఏ నదుల మధ్య ఉన్నామన్నది ఊరినిబట్టి మారుతుంది. సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం, నక్షత్రం రోజునుబట్టి మారుతాయి. గోత్రనామాలు మనిషినిబట్టి మారుతాయి. అమెరికాలో స్థిరపడిన తెలుగువారి ఇళ్లలో పురోహితులు జంబూద్వీపం, భరతవర్షం అన్న స్థానంలో క్రౌంచద్వీపం, రమణకవర్షం వంటి పేర్లు చెప్పడం వాడుకలోకి వచ్చింది. పురాణభూగోళంలోని పేర్లను ఇప్పటి ఖండాలకు అన్వయించడం ఎంతవరకు సమంజసమన్నది వేరే చర్చ. మార్చాలని వారికి తోచడం మాత్రం సంకల్పాన్ని అర్థవంతమైన వాక్యంగా తీసుకొన్నందువల్లనే. ఎక్కడ నిలబడి పలుకుతున్నామో ఆ చోటు పేరు అబద్ధం కాకూడదన్న పట్టుదల అందులో ఉన్నది.

సంకల్పంలో పూరించిన పేరు ఎటువంటిదైనా పేరుగానే ఉంటుంది; అది విధిగా మారి యజమానిని ఏ పనికీ ప్రేరేపించదు. విధి ప్రేరేపిస్తుంది, మంత్రం స్మరింపజేస్తుంది అన్న విభాగం మీమాంసలో మౌలికమైనది. హెచ్‌టీఎంఎల్‌లో ఈ రెండింటి మధ్య గోడ చాలా పలుచనిది. పాఠకుడు తన పేరు రాయవలసిన గడిలో కోణాకారపు బ్రాకెట్లతో ఒక ట్యాగు రాస్తే, సర్వర్ దానిని అలాగే పేజీలో పెడితే, బ్రౌజరు దానిని పేరుగా చూడదు; ఆజ్ఞగా గ్రహించి అమలు చేస్తుంది. ఇతరుల రహస్యాలను దొంగిలించే దాడులలో ఒక పెద్ద వర్గం ఈ ఒక్క పొరపాటు మీదే ఆధారపడి ఉన్నది. వృక్షంలోని పాఠ్యకణుపులో పెట్టినది ఏదైనా పాఠ్యంగానే మిగులుతుంది. అక్షరాల వరుసలో అతికించినది ఎప్పుడు విధి అవుతుందో చెప్పలేము. కోణాకారపు బ్రాకెట్‌ను దాని సంకేతనామంగా మార్చి పెట్టే ఎస్కేపింగ్ అనే జాగ్రత్త ఇందుకు పుట్టింది. స్మరింపజేయవలసిన మాటను స్మరణస్థానం దాటనివ్వకపోవడమే అక్కడ జరిగేది.

శకలానికి ఉన్న మరొక ఇబ్బంది ప్రకరణానికి సంబంధించినది. ప్రకరణం అంటే ఒక వాక్యం ఏ ప్రధానకర్మ సన్నిధిలో చదవబడిందన్న విషయం. వాక్యం ఒంటరిగా ఉన్నప్పుడు అది దేనికి అంగమో నిర్ణయించే ప్రమాణాలలో మీమాంసకులు దీనిని లెక్కించారు. పట్టికలోని ఒక గడిని పట్టిక లేకుండా విడిగా ఇచ్చి, మామూలు పేజీ మధ్యలో విప్పమంటే, హెచ్‌టీఎంఎల్ నియమాల ప్రకారం గడి గుర్తు రాలిపోయి లోపలి మాటలే మిగులుతాయి. అందుకే ఆ నియమాలను చెప్పే ప్రమాణగ్రంథం, శకలాన్ని విప్పేటప్పుడు అది ఏ ట్యాగు సన్నిధిలోనిదో కూడా చెప్పాలని నియమించింది. లిపి విషయంలోనూ అంతే: పీహెచ్‌పీ భాషలో చాలాకాలంగా వాడుకలో ఉన్న డామ్‌డాక్యుమెంట్ అనే సాధనం, శకలంలో సంకేతలిపి ప్రకటన లేకపోతే దానిని పాత లాటిన్ సంకేతలిపిగా భావించి, ఒక్కొక్క తెలుగు సంకేతాన్ని మూడు అర్థంలేని గుర్తులుగా విడగొట్టేది. 2024లో వచ్చిన పీహెచ్‌పీ 8.4లో కొత్త నియమాలను అనుసరించే వేరే సాధనం చేరింది. సందర్భం తెగిన పాఠం తన లిపిని కూడా కోల్పోతుందన్నది తెలుగు పేజీలు తయారుచేసే ప్రతివారికీ అనుభవంలోని విషయం.

ఊహ ఎక్కడ చేయకూడదో చెప్పే అధికరణాలు, అంటే ఒక్కొక్క సందేహాన్ని తీసుకొని తీర్పు చెప్పే విచారణభాగాలు, మరీ సూక్ష్మమైనవి. వ్రీహులు, అంటే వరిధాన్యం, దొరకక వాటికి ప్రతినిధిగా అడవివరి అయిన నీవారాలను వాడినప్పుడు మంత్రంలోని ‘వ్రీహి’ పదం మారదు. అక్కడ నీవారాలను గ్రహించింది వ్రీహులతో ఉన్న సాదృశ్యం కోసమే గనుక, కర్మ ఇంకా వ్రీహులదే. వికృతిలో నీవారాలనే నేరుగా విధించినప్పుడు మాత్రం పదం మారాలి. గింజలు రెండుచోట్లా ఒకటే, మంత్రం ఒకటే, తీర్పులు రెండు. అలాగే ప్రకృతిలో యజమాని పత్నిని ఏకవచనంలో చెప్పిన మాటను, పలువురు పత్నులున్న యజమాని వికృతి చేసినప్పుడు బహువచనంగా మార్చనక్కరలేదు. అటువంటి యజమాని చేసే ప్రకృతిలో కూడా ఆ ఏకవచనమే చెల్లుతున్నది గనుక, అక్కడే సంఖ్య వివక్షితం కాదు. మూలంలో ఒక పదం ఏమి చెబుతున్నదో తెలిస్తే చాలదు. ఏమి చెప్పడం లేదో కూడా మార్చేవాడికి తెలియాలి.

పూరించడానికి విలువే లేనప్పుడు ఏమి చేయాలన్నది పదో అధ్యాయంలోని బాధ పరిధిలోకి వస్తుంది. ‘శ్రీ గారికి నమస్కారం’ అని పేరు లేకుండా చదువరులకు చేరే పేజీలలో, ఖాళీ మిగిలితే దానిని మోసే వాక్యం కూడా తొలగాలన్న ఆలోచన ప్రోగ్రాముకు లేదు. బాధకు మీమాంసకులు చూపే ఉదాహరణను చూస్తే, ఆయువు కోరేవాడు చేసే ఒక ఇష్టిలో, అంటే చిన్న యాగంలో, చరువు ధాన్యంతో కాకుండా కృష్ణలాలతో, అంటే గురిగింజ ఎత్తు బంగారుగింజలతో, నూరింటితో చేస్తారు. ప్రకృతిలో ధాన్యాన్ని దంచేది పొట్టు పోవడానికి. బంగారుగింజకు పొట్టు లేదు కనుక దంచడం తొలగిపోతుంది. వండటం కూడా మెత్తబడటానికే కనుక అదీ తొలగాలని పూర్వపక్షం. బంగారం మెత్తబడకపోయినా, ఆ కర్మలో వండమని వేరుగా నేరుగా విధి ఉన్నది గనుక దానిని నేతిలో వేడిచేయవలసిందేనని సిద్ధాంతం. విలువ లేని ఖాళీతో పాటు ఏ వాక్యం తొలగాలి, ప్రయోజనం కనిపించకపోయినా ఏ వాక్యం నిలవాలి అన్నది ప్రతి పేజీలోనూ దానిని మొదట రాసినవాడు వేరుగా, నేరుగా చెప్పి ఉంచవలసిన విషయం. సర్వర్‌లోని ప్రోగ్రాము దానిని అక్షరాల నుంచి రాబట్టుకోలేదు.